తెర మీద సినిమా, తెర ముందు ఆర్కెస్ట్రా: తరచుగా అడిగే ప్రశ్నలు

సినిమా నడుస్తుండగా దాని నేపథ్య సంగీతాన్ని ఆర్కెస్ట్రా అక్కడికక్కడే వాయించే ప్రదర్శనల గురించి ప్రేక్షకులు, నిర్వాహకులు, వాద్యకారులు మళ్ళీ మళ్ళీ అడిగే సందేహాలివి. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా అర్థమయ్యేలా రాశాం. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోండి.

## టికెట్టు కొనేముందు

సినిమా మొత్తం వేస్తారా, కొన్ని సీన్లేనా?

రెండు రకాలూ ఉన్నాయి. ఒకటి, పూర్తి సినిమా. మాటలు, చప్పుళ్ళు రికార్డు నుంచే వస్తాయి, సంగీతం మాత్రం ఆర్కెస్ట్రా వాయిస్తుంది. రెండోది కచేరీ. అందులో సంగీతానిదే పెద్దపీట, వెనక తెర మీద బొమ్మలు కదులుతుంటాయి. ప్రకటనలో "పూర్తి సినిమా" అని స్పష్టంగా లేకపోతే అడిగి కొనండి. పూర్తి సినిమా అయితే మధ్యలో 20 నిమిషాల విరామం దాదాపు తప్పనిసరి, ఎందుకంటే రెండు గంటలు ఏకబిగిన ఊదడం ట్రంపెట్ వాళ్ళ పెదాల వల్ల కాదు. రెండు గంటల సినిమాకి రెండున్నర గంటలు కేటాయించుకోండి.

ఏ సీటు మంచిది?

ముందు వరసలు వద్దు. తెర ఆర్కెస్ట్రా తలల మీదుగా వేలాడుతుంది కాబట్టి అక్కడ మెడ పైకెత్తే చూడాలి. పైగా చెవిలో ఒక్క వయొలిన్ల గుంపే పడుతుంది. కింది అంతస్తులో మధ్య నుంచి వెనక్కి, లేదా మొదటి బాల్కనీ ముందు వరసలు మేలు. బాల్కనీ కింద మరీ లోతుకి వెళ్తే తెర పైభాగాన్ని చూరు కోసేస్తుంది. పక్క సీట్లలో బొమ్మ వంకరగా కనిపించడంతో పాటు మాటలు ఒకవైపు స్పీకరు నుంచే వినిపిస్తాయి.

మూకీల రోజుల్లోనే ఇది ఉండేది కదా, కొత్తేముంది?

ఉండేది. 1908లోనే ఫ్రెంచి స్వరకర్త కమీ సాం-సాన్స్ ఒక ఫ్రెంచి మూకీ కోసం ప్రత్యేకంగా సంగీతం రాశాడు. 1980లో లండన్‌లో ఆబెల్ గాన్స్ మూకీ 'నెపోలియన్'కి కార్ల్ డేవిస్ సంగీతం కూర్చి, ఆర్కెస్ట్రాతో వాయింపజేశాక ఆ పద్ధతి మీద మళ్ళీ ఆసక్తి పెరిగింది. మూకీకి సంగీతం భావానికి సరిపోతే చాలావరకు గట్టెక్కుతుంది, కింద మాటలు ఉండవు కదా. టాకీతోనే చిక్కంతా. ఉన్న సౌండ్ ట్రాక్‌లోంచి సంగీతాన్ని మాత్రం తీసేసి, ఆ ఖాళీని సెకను పొల్లుపోకుండా పూరించాలి. 1987లో లాస్ ఏంజెలెస్‌లో ఆంద్రె ప్రెవిన్ కండక్టరుగా (అంటే చేతి సైగలతో ఆర్కెస్ట్రాను నడిపే మనిషిగా) 'అలెగ్జాండర్ నెవ్‌స్కీ'కి ప్రొకోఫియెవ్ సంగీతాన్ని అలా వాయించారు. 2008లో స్విట్జర్లాండ్‌లోని లుసర్న్‌లో లుడ్‌విగ్ విక్కీ నడిపిన 'లార్డ్ ఆఫ్ ద రింగ్స్' మొదటి భాగం తర్వాత, మూడు గంటల సినిమా కూడా ఇలా సాధ్యమేనని అందరికీ నమ్మకం కుదిరింది.

## హక్కులు, సరంజామా

మా దగ్గర డిస్కు ఉంది, ఆర్కెస్ట్రా ఉంది. వేసేయొచ్చా?

కుదరదు. బొమ్మను జనం ముందు వేసే హక్కు వేరు, సంగీతాన్ని బొమ్మతో కలిపి వాయించే హక్కు వేరు, నొటేషన్ (సంగీతం రాసిన కాగితాలు) అద్దె వేరు. కొన్ని సినిమాలకు ఈ మూడింటినీ ఒకే సంస్థ మూటగట్టి అద్దెకిస్తుంది. ఆ మూటలో సంగీతం తీసేసిన సినిమా ఫైలు, కండక్టర్ మానిటర్‌కి గుర్తులు వేసిన వేరే వీడియో, క్లిక్ ట్రాక్ (తాళం వేగాన్ని చెవిలో టిక్ టిక్ అని వినిపించేది), కండక్టర్ స్కోరు (అన్ని వాద్యాల నొటేషన్ కలిపి ఉన్నది), వాద్యకారుల పార్టులు (ఎవరి వాద్యానిది వాళ్ళకు), సాంకేతిక అవసరాల జాబితా ఉండాలి. ఒప్పందం మీద సంతకం పెట్టేముందు వీటిలో ఏది లేదో అడిగి తెలుసుకోండి. అన్నీ పంపి, కండక్టర్ వీడియోను మాత్రం "మీరే తయారు చేసుకోండి" అన్నారంటే, అసలు పని మీ నెత్తిన పడినట్టే. హాలు బుకింగ్ హక్కులు ఖాయమయ్యాకే.

సినిమాలోంచి సంగీతాన్ని ఎలా తీసేస్తారు?

మిక్సింగ్ చేసినప్పటి మాటలు, సంగీతం, చప్పుళ్ళు మూడు వేర్వేరు ట్రాకులుగా భద్రపరిచి ఉంటే, సంగీతం ట్రాకు మూసేస్తే సరి. ఆధునిక సినిమాలకు సాధారణంగా ఇవి దొరుకుతాయి.

ఇక్కడ చాలామంది పడే గొయ్యి ఒకటుంది. డబ్బింగ్ కోసం దాచే ట్రాకులో సంగీతం, చప్పుళ్ళు కలిసి ఉంటాయి, మాటలు ఉండవు. మనకు కావలసింది మాటలు, చప్పుళ్ళు ఉండి సంగీతం లేనిది. "ట్రాకులు విడిగా ఉన్నాయి" అనే మాట విని సంబరపడకుండా, ఏవి ఏవి విడిగా ఉన్నాయో రాతపూర్వకంగా తెప్పించుకోండి.

పాత మోనో సినిమాల్లో అంతా ఒకే ట్రాకు. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ మాటలనూ సంగీతాన్నీ విడదీస్తోంది గానీ, మాటల వెనక వయొలిన్ల జీర కాస్త మిగులుతుంది. పైన అదే సంగీతాన్ని నిజంగా వాయిస్తున్నప్పుడు అది చాలావరకు కప్పబడిపోతుంది. ఆర్కెస్ట్రా అర సెకను తప్పిందంటే మాత్రం దెయ్యంలా బయటపడుతుంది. అడుగుల సవ్వడి, తలుపు చప్పుడు వంటివి సంగీతంతో పాటు కొట్టుకుపోతే వాటిని కొత్తగా రికార్డు చేసి అతికించాలి.

తెర మీద పాత్ర పాడుతుంటే ఎవరు పాడాలి?

పెదాలు కనిపిస్తున్నంతసేపూ రికార్డు గొంతే ఉంచడం క్షేమం. అప్పుడు ఆర్కెస్ట్రా ఆ గొంతుకు పక్కవాద్యం. గాయకుడు ఎక్కడ సాగదీశాడో, ఎక్కడ ముందుకు తోశాడో అదంతా క్లిక్‌లో ముందే పొందుపరిచి ఉండాలి. సీన్‌లో రేడియో మోగుతుంటే దాన్ని కూడా రికార్డులోనే వదిలేయండి. రేడియో పాటను 80 మంది వాయిస్తే సన్నివేశం నవ్వులపాలవుతుంది.

పాత సినిమాకు నొటేషన్ దొరుకుతుందా?

అదృష్టం బట్టి. హాలీవుడ్‌లో ఎంజీఎం స్టూడియో తన సంగీత గ్రంథాలయంలోని స్కోర్లను చాలావరకు చెత్తకుప్ప పాలు చేసింది. ఆ సినిమాల సంగీతాన్ని తర్వాత కండక్టర్ జాన్ విల్సన్ వంటివాళ్ళు సౌండ్ ట్రాక్ విని, వాద్యం వాద్యం చొప్పున తిరిగి రాసుకోవాల్సి వచ్చింది. దొరికినా పని తీరదు. రికార్డింగ్ రోజున పెన్సిల్‌తో చేసిన మార్పులు, ఆ తర్వాత ఎడిటింగ్‌లో కోసేసిన బార్లు (నొటేషన్‌లో తాళం లెక్కన విడదీసిన గళ్ళు) ఆ కాగితంలో ఉండవు. కాగితం మీద 40 బార్లుంటే తెర మీద 37 వినిపిస్తాయి. అందుకే విడుదలైన సినిమాను ముందు పెట్టుకుని ప్రతి బారునూ సరిచూడాలి. పాత కాగితాల మీద "1ఎం3" వంటి గుర్తు కనిపిస్తే, మొదటి రీలులో మూడో సంగీత ఖండమని అర్థం.

రికార్డింగులో వాయించిందే కదా, పార్టులు మళ్ళీ రాయడం ఎందుకు?

స్టూడియోలో రెండు నిమిషాల ముక్క వాయించి ఊపిరి పీల్చుకుంటారు. అదే వాద్యకారుడు వేదిక మీద మరుసటి ముక్కకు పది సెకన్లలో సిద్ధం కావాలి. ఫ్లూట్ కింద పెట్టి పికలో (చిన్న ఫ్లూట్) తీయడానికి, టింపనీ డోళ్ళ దగ్గరి మనిషి జైలోఫోన్ దాకా నడవడానికి బార్లు లెక్కపెట్టి ఖాళీ ఇవ్వాలి, లేదా ఆ పని పక్కవాళ్ళకు పంచాలి. మొదటి ఫ్రెంచ్ హార్న్‌కి తోడుగా ఒక సహాయకుణ్ణి కూర్చోబెడితే రెండో సగంలో స్వరాలు పగలవు.

ఇంకో చిక్కు. సినిమాలో ఒక ఖండం తగ్గిపోతుండగానే రెండోది మొదలవుతుంది, మిక్సింగ్‌లో ఒకదానిలోకి ఒకటి కరిగిపోతాయి. ఒకే ఆర్కెస్ట్రా రెండు ఖండాలను ఒకేసారి వాయించలేదు కాబట్టి అక్కడ అతుకు కొత్తగా రాయాలి. సింథసైజర్ పొరలుంటే ఒకరిద్దరు కీబోర్డు వాళ్ళకు అప్పగించండి. చేతులకు అందనిదే ప్లేబ్యాక్‌లో, అంటే ముందే రికార్డు చేసి వినిపించే ట్రాకులో పెట్టండి.

## బొమ్మతో అడుగు కలపడం

ఇంతమంది సినిమాతో తేడా లేకుండా ఎలా వాయిస్తారు?

బొమ్మ ఎవరి కోసమూ ఆగదు. కాబట్టి సర్దుకోవాల్సింది కండక్టరే. ఆయన స్టాండు పక్కనున్న చిన్న మానిటర్‌లో అదే సినిమా నడుస్తుంటుంది, మీద గుర్తులతో. ఒక నిలువు గీత ఎడమ నుంచి కుడికి తెరను దాటుతుంది. దీన్ని స్ట్రీమర్ అంటారు. అది అంచుకు చేరగానే తెల్లటి మచ్చ తళుక్కుమంటుంది, అది పంచ్. కొత్త ఖండం మొదలయ్యేది, ముఖ్యమైన తాళం పడాల్సింది ఆ తళుకు దగ్గరే. ఫిల్ము రోజుల్లో ఈ గీతను నిజంగానే రీలు మీద గీకేవారు. 35 మిల్లీమీటర్ల ఫిల్ములో 3 అడుగుల గీత అంటే 48 ఫ్రేములు, అంటే సరిగ్గా 2 సెకన్లు. తళుకు కోసం ఫ్రేముకు చిల్లు పెట్టేవారు, ఆ పేరు అలా వచ్చిందే. మానిటర్ మూలన బారు సంఖ్య, టైమ్‌కోడ్ (సినిమా ఎక్కడిదాకా వచ్చిందో చూపే గడియారం) కూడా ఉండాలి. గీతల రంగులకు అందరూ పాటించే ఒకే సూత్రం లేదు, మొదటి రిహార్సల్ ముందే ఏ రంగు దేనికో కండక్టర్ రాసి ఉంచుకోవాలి.

రెండో సాధనం క్లిక్, అంటే చెవిలో టిక్ టిక్. సెకనుకు 24 ఫ్రేముల సినిమాలో దీన్ని తాళానికి ఎన్ని ఫ్రేములు అనే లెక్కతో చెబుతారు. 1440ని ఆ ఫ్రేముల సంఖ్యతో భాగిస్తే నిమిషానికి తాళాలు వస్తాయి. 12 ఫ్రేములైతే 120, 10 అయితే 144, పన్నెండున్నర అయితే 115.2.

క్లిక్ అందరికీ ఇవ్వాలా, కండక్టర్‌కి చాలా?

అందరికీ ఇస్తే పొరపాట్లు తగ్గుతాయి, సంగీతంలో ప్రాణం కూడా తగ్గుతుంది. మా అభిప్రాయంలో కండక్టర్, డ్రమ్స్, కీబోర్డు, వేగమైన లయ నడిపే తాళవాద్యాల వాళ్ళు, ఈ నలుగురైదుగురికి ఒక చెవి ఇయర్‌ఫోన్ చాలు. మిగతావాళ్ళు చేతిని చూసే వాయించాలి. పోరాటం, పరుగు వంటి చోట్ల క్లిక్ ఉంచి, నెమ్మది ఘట్టాల్లో దాన్ని మూసి స్ట్రీమర్లతో నడపడం మేలు. చెవిని పూర్తిగా మూయని ఓపెన్ హెడ్‌ఫోన్లు వద్దు. నిశ్శబ్దంగా ఉండే వయొలిన్ భాగంలో ఆ టిక్ టిక్ పక్కనున్న మైకులోకి దూరి హాలంతా వినిపిస్తుంది. ఖండానికి ముందు కనీసం రెండు బార్ల ఖాళీ క్లిక్కులు ఉండాలి. ఒక్క బారుతో వేగం ఒంటబట్టదు.

కండక్టర్ వెనకబడితే ఎలా అందుకుంటారు?

ఒక్కసారిగా గెంతితే సగం మంది ఒక బారులో, సగం మంది మరో బారులో ఉంటారు. కొద్ది కొద్దిగా లాగాలి. నిమిషానికి 100 తాళాల వేగంలో ఒక తాళం 0.6 సెకను. అర తాళం వెనకబడ్డారంటే 0.3 సెకను, సుమారు 7 ఫ్రేములు. తర్వాతి 8 తాళాలను 4.8 సెకన్లకు బదులు 4.5 సెకన్లలో ముగిస్తే, అంటే వేగాన్ని 107 దగ్గరికి తెస్తే లెక్క సరిపోతుంది. వినేవాళ్ళకు అది ఉత్సాహంలా తోస్తుంది తప్ప కంగారులా తోచదు.

కొన్ని సినిమాల్లో అసలు రికార్డింగే క్లిక్ లేకుండా జరిగింది. 'ఈ.టీ.' చివరి ఘట్టానికి బొమ్మ ఆపేసి స్వేచ్ఛగా వాయించమని దర్శకుడు స్పీల్‌బర్గ్ చెప్పి, జాన్ విలియమ్స్ వాయింపించిన దానికి అనుగుణంగా బొమ్మను ఎడిట్ చేసుకున్నాడు. ఆ రోజు సంగీతకారుడికి దొరికిన స్వేచ్ఛను ఈ రోజు కండక్టర్ ఫ్రేము ఫ్రేముకూ అనుకరించాలి! అలాంటి చోట స్ట్రీమర్లు ఎంత దగ్గర దగ్గరగా ఉంటే అంత మంచిది.

మొదట్లో కలిసింది, గంట తర్వాత జారిపోయింది. ఎందుకు?

తేడా మొదటి నుంచి చివరిదాకా ఒకేలా ఉంటే అది ఆలస్యం. పోనుపోను పెరుగుతుంటే ఫ్రేమ్‌రేటు పొరపాటు. వీడియో సెకనుకు 23.976 ఫ్రేములతోనూ క్లిక్ 24తోనూ నడిస్తే గంటకు 3.6 సెకన్లు జారుతుంది. మొదటి ఖండంలో ఎవరికీ తెలియదు, విరామం నాటికి గందరగోళం. 25 ఫ్రేముల నకలు వచ్చి ఉంటే సినిమా 4 శాతం వేగంగా నడుస్తుంది. సరిదిద్దకపోతే మాటల శ్రుతి కూడా ముప్పావు సెమిటోన్ (పక్కపక్క స్వరాల మధ్య తేడా) దాకా పెరుగుతుంది. బొమ్మ, మాటలు, క్లిక్ మూడూ ఒకే యంత్రం నుంచి, ఒకే గడియారం మీద రావాలి. పరీక్ష సులువు. చివరి పది నిమిషాలు వేసి చూడండి, మొదటి పది కాదు.

## హాలు, వెలుగు, ధ్వని

మాటలు సంగీతంలో మునిగిపోతున్నాయి. ఏం చేయాలి?

ఈ ప్రదర్శనలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. సింఫనీ హాలులో ప్రతిధ్వని రెండు సెకన్ల దాకా ఉంటుంది. అది తంత్రీవాద్యాలకు వరం, మాటలకు శాపం. సినిమా థియేటర్ గోడలు శబ్దాన్ని మింగేస్తాయి, సింఫనీ హాలు గోడలు తిప్పికొడతాయి. హాలులో తెరలు, బ్యానర్లు దించే ఏర్పాటుంటే దించండి. స్పీకర్లను ప్రేక్షకుల మీదికే గురిపెట్టండి, ఖాళీ గోడల మీదికి కాదు.

అసలు కారణం వేరే ఉంది. సినిమా మిక్సింగ్‌లో మాటలొచ్చినప్పుడు సంగీతాన్ని ఫేడరుతో (శబ్దాన్ని పెంచే, తగ్గించే మీట) కిందికి దించేశారు. కాగితం మీద మాత్రం 'ఫోర్టే' (గట్టిగా) అనే ఉంటుంది. వేదిక మీది 80 మందికి ఫేడరు లేదు. కాబట్టి మాటలున్న ప్రతి బారులో బలాన్ని ఒకటి రెండు మెట్లు తగ్గించి పార్టుల్లోనే రాయాలి. అది చాలకపోతే వాద్యాలు తగ్గించండి, నాలుగు హార్న్‌లకు బదులు రెండు. మాటల స్థాయి పెంచుకుంటూ పోవడం చివరి ఉపాయం. గంటసేపట్లో చెవులు అలసిపోతాయి. సబ్‌టైటిల్స్ వేయడంలో నామోషీ ఏమీ లేదు, ప్రేక్షకుల భాషే అయినా వేయండి.

స్టాండు దీపాలతో బొమ్మ వెలిసిపోతోంది.

థియేటర్‌లో తెల్లటి తెరకు ప్రమాణం చదరపు మీటరుకు 48 కాండెలాలు (వెలుగును కొలిచే ప్రమాణం). అది పెద్ద వెలుగేం కాదు. తెల్ల కాగితాల మీద పడ్డ 80 దీపాల వెలుగు పైకి చిమ్మితే నల్లటి సీన్లన్నీ బూడిదరంగుకి తిరుగుతాయి. కప్పు ఉన్న, కిందికే పడే, వెలుగు తగ్గించుకోగల దీపాలు కావాలి. నల్ల దుస్తులు అలంకారం కోసమే కాదు. డ్రమ్స్ ముందు పెట్టే అద్దపు అడ్డుపలక తెరను ప్రతిఫలించి ముందు వరసల కళ్ళలో కొడుతుంది, దాన్ని కాస్త వంచి పెట్టాలి.

తెర ఎంత ఎత్తులో కట్టాలి?

వెనక వరసలో కోరస్ నిలబడితే వాళ్ళ తలల కంటే కింది అంచు పైన ఉండాలి. ముందు సీటు నుంచి తెర పైఅంచును చూసే కోణం 35 డిగ్రీలు దాటితే ఆ వరసలు అమ్మకండి.

పెదాల కదలికకూ మాటకూ చిన్న తేడా ఉంది.

ప్రొజెక్టర్, వీడియో పెట్టెలు బొమ్మను ఒకటి నుంచి మూడు ఫ్రేముల దాకా ఆలస్యం చేస్తాయి. ఒక్కో ఫ్రేము 41.7 మిల్లీసెకన్లు. ఇటు ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లే వెళ్తుంది కాబట్టి 30 మీటర్ల దూరానికి 87 మిల్లీసెకన్లు, రెండు ఫ్రేములు పడుతుంది. తళుకు, బీప్ ఒకేసారి వచ్చే పరీక్ష వీడియోతో హాలు మధ్య సీటులో కూర్చుని సరిచేయండి. కండక్టర్ మానిటర్‌కి ఈ ఆలస్యం విడిగా చూడాలి. ఆయన చూసే బొమ్మ, జనం చూసే బొమ్మ రెండు దారుల్లో వస్తున్నాయి.

శ్రుతి 440 హెర్ట్జ్‌కా, 442కా?

రికార్డులో గొంతు గానీ సింథసైజర్ గానీ మిగిలి ఉంటే, అది ఏ శ్రుతిలో ఉందో దానికే. 440, 442ల మధ్య తేడా సుమారు 8 సెంట్లు (సెంటు అంటే సెమిటోన్‌లో నూరో వంతు), చిన్నదే అనిపిస్తుంది. పొడుగు స్వరంలో రెండూ పక్కపక్కన మోగితే అలలు అలలుగా వినిపిస్తుంది. జైలోఫోన్, గ్లాకెన్‌స్పీల్ శ్రుతిని అప్పటికప్పుడు మార్చలేరు, వాటిని అద్దెకు తెచ్చేటప్పుడే అడగండి.

## రిహార్సల్

ఎన్ని రిహార్సల్స్ కావాలి?

అనుభవమున్న ఆర్కెస్ట్రాకు మూడేసి గంటలవి రెండు మూడు, అందులో ఒకటి పూర్తి సినిమాతో. మొదటిది బొమ్మ లేకుండా, క్లిక్‌తోనే, కష్టమైన ఖండాల నుంచి మొదలుపెట్టి. సినిమా వరస పట్టుకుని వెళ్తే చివరి యుద్ధం దగ్గరికి వచ్చేసరికి సమయమూ పెదాలూ రెండూ అయిపోతాయి. బొమ్మతో చేసేటప్పుడు సంగీతం లేని సీన్లు దాటేయండి. 80 మందిని కూర్చోబెట్టి డైలాగులు వినిపించడం శుద్ధ దండగ.

చాలాసేపు మౌనం తర్వాత గాలివాద్యాల శ్రుతి పడిపోతోంది.

చల్లబడ్డాయి. వాద్యంలోని గాలి చల్లబడితే శ్రుతి దిగుతుంది. ఖండానికి అర నిమిషం ముందు కండక్టర్ చెయ్యెత్తే అలవాటు పెట్టాలి. ఆ సైగ అందగానే చప్పుడు లేకుండా వాద్యంలోకి వెచ్చటి ఊపిరి వదులుతుంటారు. వాద్యకారుల వీపు తెర వైపే కాబట్టి సీన్ ఎక్కడిదాకా వచ్చిందో వాళ్ళకు కనిపించదు. పార్టులో ఖండం ముందు "తలుపు మూసిన చప్పుడు తర్వాత" లాంటి చిన్న ఆనవాలు రాసి ఉంచితే ఎంతో సాయం.

## ప్రదర్శన రోజు

సినిమా మధ్యలో ఆగిపోతే?

ఒకే ఫైలును రెండు యంత్రాలు కలిసి నడుపుతుండాలి. ఒకటి పడిపోతే స్విచ్ నొక్కితే రెండోది. రెండింటికీ యూపీఎస్ ఉండాలి. అయినా తెర నల్లబడితే ఏం చేయాలో ముందే తేల్చుకోవాలి. బొమ్మ పోతే దగ్గరలోని ముగింపు దాకా వాయించి ఆపడం మర్యాద. క్లిక్ ఒక్కటే పోతే స్ట్రీమర్లతో నడిపించొచ్చు. మాటలు పోతే ఆపేయడమే, మౌనంగా పెదాలాడించే తారల వెనక గంభీర సంగీతం ఎవరూ భరించలేరు. తిరిగి మొదలుపెట్టగల చోట్ల టైమ్‌కోడ్, బారు సంఖ్య ఉన్న ఒక పేజీ పట్టిక కండక్టర్ దగ్గర, ప్లేబ్యాక్ మనిషి దగ్గర, మిక్సర్ దగ్గర ఒకేలాంటిది ఉండాలి. "ఆపండి" అనే అధికారం ఒక్కరికే.

మధ్యలో చప్పట్లు కొట్టొచ్చా?

కొట్టండి, కానీ తర్వాతి మాటలు పోతాయని తెలిసి కొట్టండి. సినిమా ఆగి వినదు.

పేర్లు పడుతుంటే లేచి వెళ్ళిపోవచ్చా?

వెళ్ళొద్దు. కింద మాటలు లేక, ఎవరి కోసమూ గొంతు తగ్గించుకోకుండా ఆర్కెస్ట్రా పూర్తి బలంతో వాయించే చోటు అదొక్కటే. చాలామంది కండక్టర్లు అక్కడ ఇయర్‌ఫోన్ తీసేస్తారు. నిర్వాహకులు హాలు దీపాలను చివరి స్వరం ఆగిన తర్వాతే వేయాలి. పేర్లు మొదలవగానే వేస్తే జనం తలుపుల వైపు నడుస్తారు, ఆ నాలుగైదు నిమిషాలూ కుర్చీల చప్పుడులో కలిసిపోతాయి.